సెంటర్ ఫార్వర్డ్ గోల్‌కీపరైన కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, ముందు నా ఉద్యోగం గురించి రాద్దామనుకున్నాను. ఉక్కు కర్మాగారంలో క్రేన్ల మరమ్మతు గురించి చదివే ఓపిక ఎవరికుంటుంది? అందుకే నేను ఎన్నడూ చూడని ఒక ఆటగాడి గురించి రాస్తున్నాను. పీటర్ తంగరాజ్ అనగానే మా బ్యాచ్ వాళ్లకు మన డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారు.

1984లో నేను తొమ్మిదో తరగతి. సెంటర్ ఫార్వర్డ్ ఆడేవాణ్ణి, కనీసం అలా అనుకునేవాణ్ణి. క్లాసులో అందరికన్నా పొడుగు. ఒక సాయంత్రం మాస్టారు నన్ను చెయ్యి పట్టుకు తీసుకెళ్లి, గోలుపోస్టులుగా పాతిన రెండు వెదురు గెడల మధ్య నిలబెట్టారు. ఆట రానివాణ్ణి గోలీ చేసే రోజులవి. నాకు ఏడుపొక్కటే తక్కువ. రెండు రోజులు గ్రౌండు వైపు వెళ్లకుండా వరాహ నది ఇసుకలో కూర్చుని ఇంటికి పోయాను. మూడో రోజు మాస్టారే పిలిపించి తంగరాజ్ కథ చెప్పారు. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది కూడా కలిపి ఇక్కడ చెబుతున్నాను.

తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టారు. తమిళ కుటుంబం. జంటనగరాల్లో ఫుట్‌బాల్ వెలిగిపోతున్న కాలమది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ గాలిలో పెరిగిన కుర్రాడు స్థానిక క్లబ్బుల్లో ఆడి, 1953లో సైన్యంలో చేరారు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయన జట్టు. అక్కడా మొదట సెంటర్ ఫార్వర్డే. గోల్స్ కొట్టడమే పని. తర్వాత ఆయన్ని గోలులోకి మార్చారు.

ఆరడుగుల మూడంగుళాల మనిషి. మాస్టారు ఈ ఎత్తు చెబుతూ నా వైపు చూశారు. ఇంజనీరుగా నాకు తోచేదేమిటంటే, అక్కడ ఎత్తు ఒక్కటే పనిచేయలేదు. ఫార్వర్డుగా ఆడినవాడికి, ఎదుటి ఫార్వర్డు ఏ క్షణంలో ఏ కాలితో కొడతాడో ముందే తెలుస్తుంది. బంతి పట్టుకున్నాక దాన్ని ఎక్కడికి పంపితే దాడి మొదలవుతుందో కూడా తెలుస్తుంది. తంగరాజ్ పొడుగు కిక్కులకూ, చేత్తో దూరంగా విసరడానికీ పేరుపొందారు. పాత విద్య పోలేదు, కొత్త పనిలో కలిసిపోయింది.

1955లోనూ 1958లోనూ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ కప్పు గెలిచింది. సర్వీసెస్ జట్టుకు మొట్టమొదటి సంతోష్ ట్రోఫీ వచ్చింది తంగరాజ్ నాయకత్వంలోనే. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆయన జట్టులో ఉన్నారు. 1960లో రోమ్‌కూ వెళ్లారు. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్‌కీపరుగా ఎంపికయ్యారు.

ఇక జకార్తా సంగతి. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వనందుకు మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారని అక్కడి జనం మన వాళ్లమీద కోపంగా ఉన్నారు. తంగరాజ్‌కు ఫ్లూ పట్టుకుంది. ఆయన బదులు ప్రద్యుత్ బర్మన్ గోలులో నిలిచి, జట్టును ఫైనల్ దాకా తెచ్చారు. సెప్టెంబరు 4న ఫైనల్, దక్షిణ కొరియాతో. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు అదే. రహీం మళ్లీ తంగరాజ్‌నే దింపారు. డిఫెండరైన జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఫార్వర్డుగా ఆడారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోలు కొట్టారు. మిగతా సమయమంతా కొరియా వాళ్లు మీద మీదకు వస్తుంటే తంగరాజ్ కాచుకున్నారు. చివర్లో ఒక్కటే పోయింది. 2-1. బర్మన్‌ను తల్చుకుంటే నాకిప్పటికీ కాస్త బాధగానే ఉంటుంది.

కలకత్తాలో మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడింటికీ ఆడారు. ఆ మూడు గుంపుల అభిమానులనూ మెప్పించడం కప్పు గెలవడం కన్నా కష్టం. 1964 ఆసియా కప్పులో మన దేశం రెండో స్థానంలో నిలిచింది. ఆయనకు 1967లో అర్జున అవార్డు వచ్చింది. 1971లో ఆట మానేశారు.

ఆ ఏడాది అంతర పాఠశాలల పోటీల్లో నేను గోలులోనే ఆడాను. రెండో మ్యాచ్‌లోనే ఓడిపోయాం, అది వేరే సంగతి. చదువు అయ్యాక డిజైను విభాగంలో చేరాను. నాలుగేళ్లకు మెయింటెనెన్సుకు మార్చారు. తోటివాళ్లు జాలిపడ్డారు. నాకు మాత్రం వెదురు గెడలు గుర్తొచ్చాయి. డిజైను చేసినవాడికి ఏ బోల్టు ముందు వదులవుతుందో తెలుస్తుంది గనుక ఆ పనిలో నిలదొక్కుకున్నాను.

2006లో ఒక పని మీద బొకారో వెళ్లి నాలుగు నెలలున్నాను. ఉదయం షిఫ్టు, సాయంత్రం నడక, రాత్రి హాస్టల్ భోజనం. 2008 నవంబరులో పేపరులో చిన్న వార్త చూశాను. పీటర్ తంగరాజ్ 24న బొకారోలో గుండెపోటుతో కన్నుమూశారు. చివరి రోజులు ఆయన ఆ ఊళ్లోనే గడిపారు.

మాస్టారు అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. ఆ సాయంత్రం ఫోను చేసి కబురు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, బొకారోలో నేను ఎన్నాళ్లున్నానని అడిగారు. నాలుగు నెలలని చెప్పాను.