కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ డగ్లస్ స్టువర్ట్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశపు అడవుల గురించి ఆంగ్లంలో రచనలు చేసిన ప్రసిద్ధ వేటగాడు, రచయిత. ఉత్తరాదిలో జిమ్ కార్బెట్‌కు ఉన్న పేరు దక్షిణాదిలో ఈయనకు ఉంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని (2022 నుండి తిరుపతి జిల్లా) చామల లోయ, మామండూరు అడవులు ఈయన కథల ద్వారా దేశవిదేశాల పాఠకులకు పరిచయమయ్యాయి. నరమాంసానికి అలవాటుపడ్డ పులులను, చిరుతలను చంపినవాడిగా ప్రసిద్ధి చెందినా, అటువంటి మృగం తయారవడానికి మొదటి కారణం చాలాసార్లు మనిషేనని తన రచనలలో పదేపదే చూపినవాడు కూడా ఈయనే.

జీవితం

ఆండర్సన్ సికింద్రాబాదు సమీపంలోని బొలారంలో జన్మించాడు. ఈయన వంశం స్కాట్లాండుకు చెందినదే అయినా ఆరు తరాలుగా భారతదేశంలోనే స్థిరపడింది. తండ్రి సైనికోద్యోగుల జీతభత్యాలు చూసే శాఖలో అధికారి. వేటపై ఆసక్తి తండ్రి నుండే అబ్బింది. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలో, సెయింట్ జోసఫ్ కళాశాలలో చదువుకున్నాడు. కొంతకాలం తంతి తపాలా శాఖలో, తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. కనుక వేట ఈయన వృత్తి కాదు. సెలవులు దొరికినప్పుడు తన స్టుడిబేకర్ కారులో, 0.405 వించెస్టర్ తుపాకితో అడవులకు వెళ్ళేవాడు. అడవిని చదవడం తనకు నేర్పినవారిగా బైరా అనే పూజారి తెగ వ్యక్తిని, రంగా అనే దొంగవేటగాడిని తన పుస్తకాలలో గౌరవంగా పేర్కొన్నాడు.

మొదటి పుస్తకం "నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్" 1954లో వెలువడింది. చివరిదైన "జంగిల్స్ లాంగ్ ఎగో" మరణానంతరం 1976లో వచ్చింది.

చిత్తూరు అడవులు

మొదటి పుస్తకంలోని ఒక కథ చామల లోయలో తిరిగిన పులి గురించినది. రెండవ పుస్తకంలో (1957) మామండూరు పులి కథ ఉంది. మామండూరు రేణిగుంట నుండి కడప వైపు వెళ్ళే రైలుమార్గంలో ఉంది. చామల అటవీ ప్రాంతం భాకరాపేట, తలకోన వైపు విస్తరించి ఉంది. నాగపట్ల అటవీ బంగళా, పులిబోను వంటి స్థలాల పేర్లు ఈ కథ చదివినవారికి గుర్తుండిపోతాయి. శేషాచలం కొండల ఎర్రచందనం, వెదురు అడవుల మధ్య రాత్రిపూట వినిపించే ప్రతి చప్పుడుకూ అర్థం చెప్పడంలో ఆండర్సన్‌ది అందెవేసిన చేయి. అయితే ఈ కథలన్నీ యథాతథంగా జరిగినవేనా అని సందేహించే పాఠకులు లేకపోలేదు. రంజింపజేయడానికి కొంత కల్పన చేర్చి ఉండవచ్చు.

మృగాన్ని రెచ్చగొట్టేది ఎవరు

ఆండర్సన్ కథలలో నరభక్షకి అకస్మాత్తుగా ఊడిపడదు. ఎవరో సరదాకు కాల్చి, గాయపడిన జంతువును వెతికి చంపే ధైర్యం లేక వదిలి వెళ్ళిపోతారు. మామూలు వేట ఆడలేని స్థితికి వచ్చిన ఆ మృగం పశువుల మీద, ఆపై కాపరుల మీద పడుతుంది. దాని ఫలితం అనుభవించేది తుపాకి పేల్చినవాడు కాదు, అడవి అంచు పల్లెలోని కట్టెలు ఏరుకునే మనిషి. రాత్రివేళ జీపులలో తిరుగుతూ, పెద్ద లైట్లతో జంతువుల కళ్ళు మిరుమిట్లు గొలిపి కాల్చేవారిని ఈయన తీవ్రంగా నిరసించాడు.

హోసూరు సమీపంలోని జవలగిరి ఆడపులి కథ ఇందుకు మంచి ఉదాహరణ. దాని జోడును మనుషులు కాల్చి చంపారు. జోడు కోసం అరుస్తూ తిరిగిన ఆడపులిని మరొకరు గాయపరచారు. ఆ తరువాతనే అది మనుషులను చంపసాగింది. చివరకు ఆండర్సన్ మగపులి అరుపును అనుకరించి, దానిని రప్పించి కాల్చాడు. పల్లెలకు పీడ విరగడైనా, జోడు కోసం వచ్చిన ప్రాణిని మోసగించానన్న భావం వలన తనకు సంతోషం కలగలేదని ఆయన రాశాడు.

ఇక్కడ ఆండర్సన్‌ను కూడా పూర్తిగా నిర్దోషిగా చూడలేము. ఎరగా కట్టిన దూడల ప్రస్తావన ఈయన కథలలో తరచుగా వస్తుంది. ఆ పుస్తకాలు అమ్ముడైంది కూడా పులి గర్జించి మీదికి దూకే ఘట్టాల వల్లనే. అవి లేకుంటే ఆయన హితవును వినేవారు తక్కువగా ఉండేవారు.

బ్రూనో

భారతదేశపు విద్యార్థులలో చాలామందికి ఆండర్సన్ పులుల ద్వారా కాక ఒక ఎలుగుబంటి ద్వారా తెలుసు. మైసూరు దగ్గర ఆయనతో వచ్చిన ఒకరు తల్లి ఎలుగును కాల్చగా, అనాథ అయిన పిల్లను ఆండర్సన్ ఇంటికి తెచ్చి భార్యకు ఇచ్చాడు. బ్రూనో అని పేరు పెట్టిన ఆ పిల్ల ఒకసారి ఎలుకల మందు తిని చావు తప్పించుకుంది. మరోసారి వాడేసిన ఇంజన్ ఆయిల్ తాగింది. పెరిగాక మైసూరు జంతుప్రదర్శనశాలకు పంపితే తిండి మానేసింది. చివరకు తిరిగి తెచ్చి, ఇంటి ఆవరణలో చుట్టూ గుంట తవ్విన చిన్న దీవి వంటి స్థలంలో ఉంచారు. ఈ కథ జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి తొమ్మిదవ తరగతి ఆంగ్ల వాచకంలో చాలా ఏళ్ళు పాఠంగా ఉండేది. ప్రేమకథగా చదివే ఈ పాఠం ఒక తుపాకి గుండుతో మొదలవుతుందని గమనించాలి.

చివరి రోజులు, తరువాత

జీవిత చివరి భాగంలో ఆండర్సన్ తుపాకిని తగ్గించి కెమెరా పట్టాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. రెండేళ్ళ తరువాత ఆండర్సన్ క్యాన్సర్‌తో బెంగుళూరులో మరణించాడు. అప్పటికి ఆ నగరానికి టెలివిజన్ రాలేదు. ఆపై దశాబ్దాలలో పాము తోక పట్టి లాగడం, మొసలి నోటి ముందు చేయి ఆడించడం వంటి దృశ్యాలు వినోద కార్యక్రమాలుగా తెలుగు అనువాదంతో సహా ఇళ్ళలోకి వచ్చాయి. ఆండర్సన్ నాటి జీపు లైటుకూ ఈ కెమెరాకూ ఉన్న తేడా తూటా ఒక్కటే. కోపం తెప్పించి చూసే సరదా మాత్రం అదే.

శేషాచలం అడవులలోని కొంత భాగాన్ని 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయవనంగా ప్రకటించారు. తిరుపతిలో 1987లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో 2024 ఫిబ్రవరి 15న ఒక సందర్శకుడు సిబ్బంది వారించినా వినక సింహం ఉండే ఆవరణలోకి దూకి, దాని దాడిలో మరణించాడు.