తొలి రైఫిల్ కొనే ముందు... స్టోనర్ కథ

ఫ్రిస్కోలో వారాంతం వచ్చిందంటే మనవాళ్లకు తీరికుండదు. పొద్దున్నే క్రికెట్, తర్వాత హనుమాన్ గుడి, సాయంత్రం పిల్లల కూచిపూడి క్లాసు, రాత్రికి ఎవరింట్లోనో బిర్యానీ. కొందరికి ఆ జాబితాలో ఇప్పుడు ఇంకోటి చేరింది... తుపాకుల పోటీ. దాని పేరు మల్టీగన్. ఒకే ఆటలో రైఫిల్, పిస్తోలు, షాట్‌గన్ వాడాలి. పరిగెత్తాలి, గోడ చాటు నుంచి గురి చూడాలి. ఐదారు గజాల్లో ఉన్న అట్టను కొట్టాలి, రెండు మూడు వందల గజాల అవతలున్న ఇనుప పలకనూ కొట్టాలి. ఈలోపు గడియారం పరిగెడుతూనే ఉంటుంది.

మనలో చాలామందిమి జాతరలో బెలూన్లు పేల్చడం తప్ప తుపాకీ పట్టి ఎరగం. ఊళ్లో తుపాకీ అంటే బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన వేలాడేదే. అలాంటి మనం టెక్సస్‌కు వచ్చి తొలి రైఫిల్ ఏది కొనాలని అడిగితే, తెలిసినవాళ్లు చెప్పే పేరు దాదాపు ఒకటే... ఏఆర్-15. ఏ కంపెనీది కొనాలి, బ్యారెల్ ఎంత పొడుగుండాలి, ఏ స్కోపు పెట్టాలి అన్న దగ్గర మాత్రం ఎవరి మాట వాళ్లదే. ఆ గొడవలోకి దిగే ముందు, ఆ తుపాకీని సృష్టించిన మనిషి జీవితం ఒకసారి తెలుసుకుంటే సగం సందేహాలు తీరతాయని మా నమ్మకం. ఆయన పేరు యూజీన్ స్టోనర్.

డిగ్రీ లేని ఇంజినీరు

స్టోనర్ 1922 నవంబరు 22న ఇండియానా రాష్ట్రంలోని గాస్పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పెరిగింది కాలిఫోర్నియాలో. లాంగ్ బీచ్‌లో హైస్కూలు పూర్తి చేశాక కాలేజీ గడప తొక్కలేదు. వేగా అనే విమానాల కంపెనీలో చేరి, విమానాలకు ఆయుధాలు బిగించే పని చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంలో చేరితే అక్కడా అదే పని దొరికింది. దక్షిణ పసిఫిక్ దీవుల్లో విమానాల ఆయుధాల విభాగంలో పనిచేశారు.

యుద్ధం ముగిశాక 1945 చివర్లో ఓ విమాన పరికరాల కంపెనీ మెషిన్ షాపులో చేరారు. లోహాన్ని కోస్తూ, రుద్దుతూ, కొలుస్తూ మెల్లగా డిజైన్ ఇంజినీరు అయ్యారు. డిగ్రీ సర్టిఫికెట్లు, వాటికి ఎవాల్యుయేషన్లు అంటూ తిరిగే మనకు ఇది వింతగానే ఉంటుంది. తీరిక వేళల్లో మాత్రం ఆయనకు ఒకటే ధ్యాస, తుపాకులు.

విమానంలా తేలికైన తుపాకీ

1954లో హాలీవుడ్‌లోని ఆర్మలైట్ అనే చిన్న సంస్థలో చీఫ్ ఇంజినీరుగా చేరారు. అది ఫెయిర్‌చైల్డ్ విమానాల కంపెనీకి అనుబంధం. ఏఆర్ అంటే ఏదో భయంకరమైన అర్థం ఉందని చాలామంది అనుకుంటారు గానీ, అది ఆర్మలైట్ పేరు నుంచి వచ్చిన పొట్టి గుర్తు, అంతే.

అప్పటిదాకా సైనికుల రైఫిల్ అంటే ఉక్కు, కర్ర. బరువు 4 కిలోలు దాటేది. స్టోనర్ విమానాల పని తెలిసిన మనిషి కదా... బాడీకి అల్యూమినియం, బట్టుకు ఫైబర్‌గ్లాస్ కలిపిన ప్లాస్టిక్ వాడారు. అలా పుట్టిన ఏఆర్-10 బరువు 3 కిలోలకు కాస్త అటూ ఇటూ.

ఆయన చేసిన అసలు మార్పులు రెండు. తూటా పేలినప్పుడు బ్యారెల్‌లో పుట్టే గ్యాస్‌లో కొంత, సన్నటి గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. ఖాళీ గుల్ల బయట పడుతుంది. స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు తోసి కొత్త తూటాను ఎక్కిస్తుంది. బరువైన పిస్టన్ రాడ్డు అక్కర్లేదు. రెండోది, బ్యారెల్‌కు సరిగ్గా వెనకనే బట్టు పెట్టారు. దాంతో పేల్చినప్పుడు దెబ్బ తిన్నగా భుజానికి వస్తుంది, మూతి పైకి లేవడం తగ్గుతుంది. మల్టీగన్‌లో ఒక గురి నుంచి ఇంకో గురికి చకచకా తిరిగేవాళ్లు ఇవాళ్టికీ ఈ రైఫిల్‌నే పట్టుకోవడానికి కారణం ఇదే.

పగిలిన బ్యారెల్

1957లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో సైన్యం పరీక్ష పెట్టింది. బరువు ఇంకా తగ్గాలని ఆర్మలైట్ అధినేత జార్జ్ సలివన్ ఉక్కు, అల్యూమినియం కలిపిన బ్యారెల్ పెట్టించారు. స్టోనర్ గట్టిగా వద్దన్నా వినలేదు. పరీక్షలో ఆ బ్యారెల్ పగిలింది. తర్వాత మామూలు ఉక్కు బ్యారెల్ పెట్టినా లాభం లేకపోయింది. సైన్యం ఎం-14 అనే వేరే రైఫిల్‌ను ఎంచుకుంది.

తొలి రైఫిల్ కొనేవాళ్లకు మొదటి పాఠం ఇక్కడే ఉంది. కొత్తవాళ్లు చేసే పొరపాటూ ఇదే. బరువు తగ్గాలని, వేగం పెరగాలని కొన్న వారానికే బోల్టు మారుస్తారు, స్ప్రింగు మారుస్తారు. మ్యాచ్ మధ్యలో తుపాకీ మొరాయిస్తుంది. ఫ్యాక్టరీలో బిగించి, పరీక్షించి పంపిన పూర్తి రైఫిల్ తీసుకోవడం మేలు. 16 లేదా 18 అంగుళాల బ్యారెల్ చాలు. 16 కన్నా పొట్టిదైతే ఫెడరల్ రిజిస్ట్రేషన్ అనే వేరే తంతు ఉంటుంది, మొదటిసారే దాని జోలికి పోవద్దు. మొదటి సీజనంతా దేన్నీ మార్చకుండా కాల్చండి. ఏది మార్చాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

పుచ్చకాయలు మార్చిన జాతకం

ఓటమి తర్వాత సైన్యంలోని జనరల్ వైమన్ చిన్న తూటాతో ఇంకా తేలికైన రైఫిల్ అడిగారు. స్టోనర్ డిజైన్‌ను జిమ్ సలివన్, రాబర్ట్ ఫ్రీమాంట్ అనే ఇద్దరు సహోద్యోగులు కుదించారు. అదే ఏఆర్-15. అయినా డబ్బు కరువై, 1959లో ఆర్మలైట్ ఆ హక్కులను 75 వేల డాలర్లకూ, కొంత రాయల్టీకీ కోల్ట్ కంపెనీకి అమ్మేసింది. 1961లో స్టోనర్ కూడా కోల్ట్‌కు సలహాదారుగా వెళ్లారు.

1960 జూలైలో మేరీల్యాండ్‌లో ఓ విందు జరిగింది. వైమానిక దళం జనరల్ కర్టిస్ లెమే ఆ రైఫిల్‌తో పుచ్చకాయల మీద కాల్చారు. అవి బద్దలైన తీరు చూసి ఆయనకు తుపాకీ నచ్చేసింది. వైమానిక దళం కొనడం మొదలుపెట్టింది, తర్వాత సైన్యమూ కొంది. పేరు ఎం-16 అయింది. వియత్నాం యుద్ధానికి వెళ్లింది.

అడవిలో మొరాయించిన రైఫిల్

స్టోనర్ జీవితంలో అన్నిటికన్నా చేదు అధ్యాయం ఇదే. ఆయన రైఫిల్‌ను ఒక రకం మందు నింపిన తూటాలతో పరీక్షించి తయారు చేశారు. 1964లో సైన్యం ఆ మందు మార్చి బాల్ పౌడర్ అనే వేరే రకానికి ఒప్పుకుంది. దాంతో తుపాకీ లెక్కకు మించిన వేగంతో ఆడింది, లోపల మసి ఎక్కువ పేరుకుంది. తేమకు చాంబర్ తుప్పు పట్టకుండా క్రోమ్ పూత వేయాల్సింది, వేయలేదు. ఈ తుపాకీని పెద్దగా శుభ్రం చేయక్కర్లేదన్న ప్రచారం ఒకటి. చాలామంది సైనికులకు శుభ్రం చేసే సామగ్రి కూడా అందలేదు.

ఫలితం ఘోరం. ఖాళీ గుల్ల చాంబర్‌లో ఇరుక్కుపోయేది. ఎదురుగా శత్రువు కాలుస్తుంటే, కడ్డీ దూర్చి గుల్లను బయటికి పొడుచుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. తుపాకీ చేతిలోనే ఉండి కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి, పత్రికల్లో వచ్చింది. 1967లో ప్రతినిధుల సభ సభ్యుడు రిచర్డ్ ఐకార్డ్ నాయకత్వంలో విచారణ జరిగింది. స్టోనర్ కూడా వెళ్లి వాంగ్మూలం ఇచ్చారు. సైన్యం నిర్వహణను ఆ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. చాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది, శుభ్రం చేసే సామగ్రి అందింది, శిక్షణ మారింది. తర్వాత అదే రైఫిల్ దశాబ్దాల పాటు నిలబడింది.

రైఫిల్ ఒక్కటే వస్తువు కాదు. తూటా, మందు, మ్యాగజైన్, నూనె అన్నీ కలిసి ఒకటే యంత్రం. అంచేత ఒక రకం తూటా ఎంచుకోండి. దానితోనే గురి సరిచేసుకోండి, దానితోనే పోటీకి వెళ్లండి. బ్యారెల్ మీద ఏం రాసి ఉందో చదవండి. 5.56 అని ఉంటే .223 తూటా కూడా కాల్చవచ్చు. .223 అని మాత్రమే ఉంటే 5.56 తూటా పెట్టకూడదు, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. రెంటికీ సరిపడే .223 వైల్డ్ అనే చాంబర్ కూడా దొరుకుతుంది. మొదటి మ్యాచ్‌కు ముందు కనీసం రెండు వందల తూటాలు కాల్చి చూడండి. ప్రతి మ్యాచ్ తర్వాత శుభ్రం చేసి నూనె వేయండి. డబ్బంతా తుపాకీ మీదే పెట్టేయకండి. క్రమంగా పోటీలకు వెళ్తే తూటాల ఖర్చే రైఫిల్ ధరను దాటిపోతుంది.

స్కోపు సంగతికొస్తే, ఒకటి నుంచి ఆరు రెట్ల దాకా పెద్దది చేసి చూపేది దగ్గరికీ దూరానికీ పనికొస్తుంది. అయితే ఏ డివిజన్‌లో ఎలాంటి స్కోపు ఒప్పుకుంటారో మ్యాచ్ నియమాలు చూశాకే కొనండి.

పది ప్లస్ పదిహేను

స్టోనర్ అక్కడితో ఆగలేదు. ఒకే బాడీని రైఫిల్‌గానూ, మెషిన్ గన్‌గానూ మార్చుకునే స్టోనర్-63 చేశారు. 1972లో ఒహాయోలో ఆరెస్ అనే కంపెనీ పెట్టారు. వయసు మీద పడ్డాక ఫ్లోరిడాలోని నైట్స్ ఆర్మమెంట్‌తో కలిసి ఎస్ఆర్-25 తెచ్చారు. పేరులోని 25 అంటే తన పాత బిడ్డలు 10, 15 కలిపితే వచ్చిన లెక్క! దాదాపు వంద పేటెంట్లు ఆయన పేరున ఉన్నాయి.

1990 మేలో ఏకే-47 సృష్టికర్త కలాష్నికోవ్ అమెరికా వచ్చారు. యుద్ధభూముల్లో ఎదురెదురుగా నిలిచిన రెండు తుపాకుల సృష్టికర్తలు మొదటిసారి కలుసుకున్నారు. భాషలు వేరైనా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకరికి రాయల్టీలు దక్కాయి, ఇంకొకరికి పతకాలు దక్కాయి.

స్టోనర్ గ్యాస్ పద్ధతి పేటెంటుకు 1977లో గడువు తీరింది. అందుకే ఇవాళ ఎన్నో కంపెనీలు ఏఆర్ రైఫిళ్లు చేస్తున్నాయి, చాలా విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. కంపెనీ పేరు మీద కొట్టుకోవడం కన్నా, వారంటీ ఉందా, దగ్గర్లో బాగుచేసేవాళ్లున్నారా అని చూడటం మంచిది.

ముందు వీసా చూసుకోండి

ఇంతా చదివి దుకాణానికి బయల్దేరేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. కొనడమే కాదు, రేంజిలో అద్దెకు తీసుకుని పట్టుకోవడమూ ఇందులోకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, అబద్ధం రాస్తే అదో నేరం. 2022 నుంచి ఈ నిషేధాన్ని ఉల్లంఘిస్తే 15 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. తర్వాత దేశం నుంచి పంపించేస్తారు కూడా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ వీసా అడ్డంకి లేదు. ఏ మాత్రం అనుమానమున్నా లాయరును అడగండి. పదేళ్లు కష్టపడి తెచ్చుకున్న బతుకును ఒక్క శనివారం సరదాకు పణం పెట్టొద్దు. పోటీ చూడటానికి మాత్రం ఏ వీసా అయినా చాలు.

ఇంకో మాట చెప్పక తప్పదు. 2023 మే 6న ఫ్రిస్కోకు పక్కనే ఉన్న ఆలెన్‌లో, మనవాళ్లంతా షాపింగ్‌కు వెళ్లే మాల్‌లో ఒకడు ఏఆర్-15 తరహా రైఫిల్‌తో ఎనిమిది మందిని చంపాడు. వారిలో మన తెలుగమ్మాయి ఒకరున్నారు. స్టోనర్ సైనికుడి కోసమే ఆ తుపాకీ చేశారని ఆయన కుటుంబం 2016లో చెప్పింది. ఆ మాట ఆటకు కొనేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో లాకర్ లేనిదే రైఫిల్ తేవద్దు. 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం. రైఫిల్ ధర లెక్కేసేటప్పుడు లాకర్ ధర, శిక్షణ ఖర్చు అందులోనే కలపండి. డబ్బు చాలకపోతే స్కోపు తగ్గించండి గానీ లాకర్ తగ్గించకండి.

యూజీన్ స్టోనర్ 1997 ఏప్రిల్ 24న ఫ్లోరిడాలోని పామ్ సిటీలో కన్నుమూశారు. వర్జీనియాలోని క్వాంటికో జాతీయ శ్మశానవాటికలో, తనలాంటి పాత సైనికుల నడుమ ఆయన సమాధి ఉంది. ఒకసారి బరువు తగ్గించాలని, ఇంకోసారి ఖర్చు తగ్గించాలని వేరేవాళ్లు చేసిన తొందరపాటు ఆయన తుపాకీని రెండుసార్లు ఓడించింది. మనం కొనే తొలి రైఫిల్ విషయంలో అయినా ఆ తొందర లేకుండా చూసుకుందాం.