అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (1914 సెప్టెంబర్ 20 - 2003 అక్టోబర్ 31) భారతదేశపు అణుశక్తి కార్యక్రమానికి అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరాలను స్వదేశంలోనే రూపొందింపజేసిన శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు వ్యవస్థాపకుడు. డాక్టర్ ఎ.ఎస్.రావు అనే పేరుతో ప్రసిద్ధుడు. అణు రియాక్టర్ల నియంత్రణ పరికరాలు, ట్రాంబే డిజిటల్ కంప్యూటర్లు, గ్రామాలకు చేరిన టెలివిజన్ పెట్టెలు, ఓటింగు యంత్రాలు ఈయన పెంచిన సంస్థల నుండి వెలువడ్డాయి. స్విచ్చి వేసిన వెంటనే పనికి సిద్ధం కావలసిన యంత్రాల చరిత్ర మన దేశంలో చాలావరకు ఈయన జీవితంతో ముడిపడి ఉంది.

బాల్యం, విద్య

సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, అక్కడే కొన్నేళ్ళు అధ్యాపకుడిగా పనిచేశాడు. 1946లో టాటా ఉపకారవేతనం లభించడంతో అమెరికా వెళ్ళి స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టా పొందాడు. భౌతికశాస్త్రం చదివి, దానిని బోధించి, ఆ తరువాత ఇంజనీరింగు వైపు మళ్ళడం ఆ కాలంలో అరుదైన విషయం. పరికరాన్ని వాడే శాస్త్రజ్ఞుడి అవసరమూ, దానిని తయారుచేసే వాడి కష్టమూ రెండూ తెలిసినవాడు కావడమే ఈయన తదుపరి జీవితానికి పునాది అయింది.

టాటా సంస్థ నుండి ట్రాంబే వరకు

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత సాంబశివరావు బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చిలో హోమీ భాభా వద్ద చేరాడు. భౌతిక పరిశోధనలకు కణాలను లెక్కించే పరికరాలు కావాలి. అటువంటివి అప్పట్లో విదేశాల నుండి రావలసిందే. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజులవి. పైగా అణుశక్తికి సంబంధించిన పరికరమంటే అడిగిన ప్రతి దేశమూ అమ్మేది కాదు. మనకు కావలసినది మనమే తయారుచేసుకోవాలనేది భాభా సంకల్పం. దానిని ఆచరణలో పెట్టే బాధ్యత ఎలక్ట్రానిక్స్ విభాగం మీద, అంటే సాంబశివరావు మీద పడింది. కొలాబాలోని పాత సైనిక బారకుల్లో నడిచిన ఆ సంస్థలో మొదలైన చిన్న పని, 1954లో ట్రాంబేలో అణుశక్తి కేంద్రం ఏర్పడిన తరువాత పెద్ద విభాగంగా ఎదిగింది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం ప్రారంభించింది. దానికి ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ పరికరాలను మాత్రం సాంబశివరావు నాయకత్వంలో ఇక్కడి ఇంజనీర్లే నిర్మించారు. రియాక్టరు నియంత్రణ సాధారణ విషయం కాదు. న్యూట్రాన్ల సంఖ్య పరిమితి దాటితే, క్షణంలో పదో వంతు ఆలోచించుకునే వ్యవధి కూడా లేకుండా కడ్డీలను దించివేయాలి. కరెంటు పోయినా రియాక్టరు భద్రమైన స్థితికే చేరాలి.

వాల్వు రేడియోను ఎరిగిన పెద్దలకు ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కి పాట వినబడటానికి కొంతసేపు పట్టేది. తొలినాటి ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటికీ ఈ జాగు ఉండేది. టాటా సంస్థలో నిర్మించిన, 1962లో నెహ్రూ టిఫ్రాక్ అని నామకరణం చేసిన కంప్యూటరు కూడా వాల్వులతో నడిచినదే. ట్రాన్సిస్టర్లు వచ్చాక వేడెక్కే జాగు తొలగిపోయింది. అయితే కంప్యూటరు విషయంలో ఇంకొక జాగు మిగిలే ఉంది. దానిని గురించి ముందు వివరించడం జరిగింది.

భాభా కమిటీ, ఈసీఐఎల్ స్థాపన

1962 చైనా యుద్ధం తరువాత దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిస్థితి ఎంత బలహీనంగా ఉన్నదో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించారు. విక్రం సారాభాయి, తెలుగువాడైన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం, ఎ.ఎస్.రావు అందులో సభ్యులు. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. కమిటీ నివేదిక అదే సంవత్సరం వెలువడింది. దిగుమతులపై ఆధారపడకుండా విడిభాగాల నుండి కంప్యూటర్ల వరకు దేశంలోనే తయారుచేయాలని ఆ నివేదిక చెప్పింది.

ఆ మాటలు కాగితం మీద మిగిలిపోకుండా 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడింది. ట్రాంబే ప్రయోగశాలలో తయారైన నమూనాలను కర్మాగారంలో వందల సంఖ్యలో ఉత్పత్తి చేయడం దీని ప్రధాన ధ్యేయం. సాంబశివరావు దీనిని స్థాపించి, దాదాపు పదేళ్ళపాటు నడిపించాడు. ప్రయోగశాలలో ఒక్క యంత్రం పనిచేయడం వేరు, అదే యంత్రం నూరుసార్లు తయారై నూరు చోట్ల పనిచేయడం వేరు. మన దేశంలో ఎన్నో పరిశోధనలు ఈ రెండింటి మధ్య దారిలోనే ఆగిపోయాయి.

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్లు

సాంబశివరావు పెంచిన ట్రాంబే ఎలక్ట్రానిక్స్ విభాగపు ఇంజనీర్లు 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును రూపొందించారు. టీడీసీ అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అనేది అది ఒకేసారి వాడే బిట్ల సంఖ్య. దానిని ఈసీఐఎల్ ఉత్పత్తి చేసింది. తరువాత టీడీసీ-312 (1974), 16 బిట్ల టీడీసీ-316 (1975), మైక్రోప్రాసెసరుతో నడిచే మైక్రో-78 (1978) వచ్చాయి.

ఇక్కడ కంప్యూటరు మేలుకొనే పద్ధతిని కొంత తెలుసుకోవడం అవసరం. కంప్యూటరు ఏ పని చేయాలన్నా జ్ఞాపకంలో ప్రోగ్రాం ఉండాలి. బయటినుండి ప్రోగ్రామును చదివి జ్ఞాపకంలో పెట్టుకోవడం కూడా ఒక పనే కనుక, దానికీ ప్రోగ్రాం కావాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టి సమస్య ఇది. తన జుట్టు తానే పట్టుకొని పైకి లేవడం వంటి ఈ ప్రక్రియకే బూటింగు అని పేరు. ఆనాటి చిన్న కంప్యూటర్ల ముందుభాగంలో వరుసగా స్విచ్చులు ఉండేవి. ఆపరేటరు ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క స్విచ్చిని పైకో కిందికో వేసి, కొద్ది ఆదేశాలున్న చిట్టి ప్రోగ్రామును చేతితోనే ఎక్కించేవాడు. ఆ చిట్టి ప్రోగ్రాం టెలిటైపులో పెట్టిన చిల్లుల కాగితపు టేపును చదివి అసలు ప్రోగ్రామును లోపలికి తెచ్చేది. ఒక్క స్విచ్చి తప్పుగా పడితే మళ్ళీ మొదటికి రావలసిందే.

ఇంత తతంగం రోజూ చేయవలసిన అవసరం లేకపోవడానికి కారణం ఆనాటి జ్ఞాపక విధానం. టీడీసీ-12లో వాడినది అయస్కాంత కోర్ మెమరీ. ఆవగింజంతటి ఫెరైట్ ఉంగరాలను సన్నని తీగలతో జల్లెడలా అల్లి దీనిని తయారుచేసేవారు. ఉంగరం ఒక దిశలో అయస్కాంతీకరింపబడితే 0, మరొక దిశలో అయితే 1. కరెంటు పోయినా అయస్కాంతత్వం పోదు. కాబట్టి సాయంత్రం ఆపివేసిన కంప్యూటరును ఉదయం స్విచ్చి వేస్తే, నిన్నటి ప్రోగ్రాం ఉన్నచోటనే ఉంటుంది. ప్రారంభ స్థానాన్ని సూచించి నడపడమే తరువాయి. కర్మాగారంలోనో రియాక్టరు దగ్గరో కరెంటు వచ్చిపోయే చోట ఈ గుణం విలువ ఎంతో చెప్పనవసరం లేదు.

1970లో అమెరికాలో ఇంటెల్ సంస్థ సిలికాన్ మెమరీ చిప్పును విడుదల చేసింది. ఇది చౌక, వేగవంతం, చిన్నది. కొద్ది సంవత్సరాల్లోనే కోర్ మెమరీ వెనుకబడిపోయింది. కాని సిలికాన్ మెమరీకి ఒక లోపం ఉంది. కరెంటు పోగానే అందులోనిది అంతా చెరిగిపోతుంది. అందువలన చెరగని చిప్పులో చిట్టి ప్రోగ్రామును శాశ్వతంగా ఉంచి, దాని ద్వారా డిస్కు నుండి మిగిలినది తెచ్చుకొనే పద్ధతి స్థిరపడింది. ఇంట్లో కంప్యూటరు ఆన్ చేసి నిమిషాల తరబడి ఎదురుచూసిన అనుభవానికి మూలం ఇదే. 1980లలో జపానులో రూపొందిన ఫ్లాష్ మెమరీ, దానితో చేసిన డిస్కులు విస్తరించిన తరువాత ఆ నిరీక్షణ కొద్ది సెకన్లకు తగ్గింది. కరెంటు లేకున్నా గుర్తుంచుకొనే మెమరీ అనే పాత సుగుణం మరొక రూపంలో తిరిగివచ్చిందని అనుకోవచ్చు.

టీడీసీ కంప్యూటర్లపై విమర్శలు కూడా ఉన్నాయి. 1971-78 మధ్య ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు 98 మాత్రమే. వీటిలో అధిక భాగం ప్రభుత్వ ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు చేరాయి. ధర ఎక్కువ, సాఫ్ట్‌వేరు తక్కువ, అనుబంధ పరికరాలకు దిగుమతులు తప్పలేదు. ప్రభుత్వ రక్షణ ఉండటం వలన పోటీ లేకపోయిందనీ, ఒక నమూనా మార్కెట్టుకు వచ్చేసరికి విదేశాల్లో అది పాతబడిపోయేదనీ విశ్లేషకులు చెప్పారు. ఈ విమర్శలో నిజం ఉంది. అయితే యంత్రాన్ని కొని వాడటమే కాక, దాని లోపలి ప్రతి తీగనూ ఎరిగిన ఇంజనీర్ల తరం ఒకటి హైదరాబాదులో తయారైంది ఈ కాలంలోనే. లాభనష్టాల లెక్కలో ఈ అంశం కనబడదు.

టెలివిజన్, ఓటింగు యంత్రం

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరంపాటు జరిగిన ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా ఉపగ్రహం నుండి అందాయి. ఆ గ్రామాలలో పెట్టిన సెట్లను తయారుచేసినది ఈసీఐఎల్. ఈసీ టీవీ అనే పేరు తరువాత పట్టణాల ఇళ్ళలోనూ పరిచితమైంది.

ఎన్నికల సంఘం ఆలోచన మేరకు 1977లో ఈసీఐఎల్ ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం పనిని చేపట్టింది. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ఎదుట దానిని ప్రదర్శించారు. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ తయారీలో భాగస్వామి అయింది. 1982లో కేరళలోని పరూరు శాసనసభ నియోజకవర్గంలో కొన్ని కేంద్రాలలో తొలిసారి యంత్రాలను వాడారు. చట్టంలో అవకాశం లేదని సుప్రీంకోర్టు ఆ ఎన్నికను తోసిపుచ్చగా, చట్ట సవరణ తరువాత 1989 నుండి మార్గం సుగమమైంది.

ఈ యంత్రం కూడా నిజానికి ఒక చిన్న కంప్యూటరే. డిస్కు లేదు, ఎక్కించవలసిన ఆపరేటింగు సిస్టం లేదు. ప్రోగ్రాం చిప్పులోనే ఉంటుంది కనుక స్విచ్చి వేయగానే సిద్ధం. బ్యాటరీతో నడుస్తుంది కనుక ఊరికి కరెంటు ఉన్నా లేకున్నా ఒకటే. పోలింగు ముగిసి యంత్రాన్ని ఆపివేసిన తరువాత కూడా పడిన ఓట్లు జ్ఞాపకంలో నిలిచి ఉంటాయి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశంలోని అన్ని నియోజకవర్గాలలో వీటినే వాడారు. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం చుట్టుపక్కల పల్లెలలోని ఓటర్లు కూడా ఆ ఏడాది బ్యాలెట్ పత్రానికి బదులు మీట నొక్కి ఓటు వేశారు. దీనికి కొద్ది నెలల ముందే సాంబశివరావు మరణించాడు. యంత్ర రూపకల్పన ఒక బృందపు కృషి. ఆ బృందానికి ఇల్లు కట్టిన ఘనత ఈయనది.

పురస్కారాలు, స్మృతి

భారత ప్రభుత్వం ఈయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ పురస్కారాలను ఇచ్చింది. 1965లో ఇంజనీరింగు శాస్త్రాలలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది.

సాంబశివరావు 89వ ఏట, 2003 అక్టోబర్ 31న కన్నుమూశాడు. హైదరాబాదులో ఈసీఐఎల్ కర్మాగారానికి సమీపంలోని కాలనీకి ఈయన పేరిట ఎ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు. నగరంలో అది ఇప్పుడు రద్దీగా ఉండే ప్రాంతం. బస్సుల బోర్డుల మీదా దుకాణాల పేర్లలోనూ ఈ పేరు నిత్యం కనిపిస్తుంది కాని, ఆ రావు ఎవరో తెలిసినవారు ఆ బస్సులలో ఎక్కువమంది ఉండరు.