చెవుల్లో హోరు – గుండెల్లో స్వరం
(బీథోవెన్ జీవిత విశేషాలు)



పాశ్చాత్య సంగీతంలో మహా విద్వాంసుడిగా పేరు పొందిన లుడ్విగ్ వాన్ బీథోవెన్ జర్మనీలోని బాన్ పట్టణంలో జన్మించారు. 1770 డిసెంబరు 17న ఆయనకు చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. తండ్రి జోహాన్ రాజాస్థానంలో గాయకుడు, కానీ తాగుడుకు బానిస. కొడుకును దండించి మరీ పియానో నేర్పించారు. పదేళ్లు దాటగానే బీథోవెన్ బడి మానేయవలసి వచ్చింది. గుణకారం సరిగా రాక, పెద్దయ్యాక కూడా కూడికలతోనే లెక్కలు చేసుకునేవారు. 1787లో తల్లి క్షయవ్యాధితో కన్నుమూశారు. తండ్రి జీతంలో సగం తనకు ఇప్పించమని 1789లో అర్జీ పెట్టుకుని, తమ్ముళ్లను పోషించారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు!

1792లో వియన్నా నగరం చేరి హేడెన్ అనే ప్రసిద్ధ విద్వాంసుని వద్ద శిష్యరికం చేశారు. కొద్ది కాలంలోనే గొప్ప పియానో వాద్యకారుడిగా పేరు తెచ్చుకున్నారు. సరిగ్గా అప్పుడే కష్టం మొదలైంది. ముప్పై ఏళ్లు నిండకముందే ఆయన చెవుల్లో రాత్రింబవళ్లు హోరు వినిపించసాగింది. దీనినే వైద్యులు టిన్నిటస్ అంటారు. క్రమంగా వినికిడి కూడా తగ్గింది. మెల్లగా మాట్లాడితే మాటలు తెలిసేవి కావు, గట్టిగా అరిస్తే భరించలేకపోయేవారు. సంగీతకారుడికి చెవుడని తెలిస్తే లోకం ఏమంటుందోనని రెండేళ్ల పాటు నలుగురిలోకి వెళ్లడమే మానేశారు. చివరికి 1801లో డాక్టరైన చిన్ననాటి మిత్రుడు వెగెలర్‌కు ఉత్తరం రాసి తన బాధ చెప్పుకున్నారు. చెవుల్లో బాదం నూనె వేశారు, స్నానాల వైద్యం చేశారు. గుణం కనిపించలేదు.

1802లో హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో ఉన్నప్పుడు నిరాశతో చనిపోదామని కూడా అనుకున్నారు. తనలోని సంగీతమంతా బయటకు రాకుండా వెళ్లిపోకూడదని ఆ ఆలోచన విరమించుకున్నారు. ఈ సంగతులన్నీ తమ్ముళ్ల పేర ఒక లేఖలో రాశారు, కానీ పంపలేదు. అది ఆయన మరణానంతరం బయటపడింది. 1809లో ఫ్రెంచి సైన్యం వియన్నాపై ఫిరంగులు పేల్చినప్పుడు తమ్ముడి ఇంటి నేలమాళిగలో తలకు దిండ్లు అదుముకుని చెవులను కాపాడుకున్నారు.

ఆ రోజుల్లో కరెంటు పరికరాలు లేవు. మేల్జెల్ అనే యంత్ర నిపుణుడు ఆయన కోసం లోహంతో చెవి గొట్టాలు తయారు చేశారు. వెడల్పాటి మూతి శబ్దాన్ని పోగుచేసి సన్నని కొస ద్వారా చెవిలోకి పంపుతుంది. అవి ఇప్పటికీ బాన్‌లో ఆయన పుట్టిన ఇంటి మ్యూజియంలో ఉన్నాయి. అయితే ఆ గొట్టాలు హోరును ఆపలేకపోయాయి. 1818 నుండి ఎదుటివారు తమ మాటలను పుస్తకాల్లో రాసి చూపితే ఆయన జవాబు చెప్పేవారు.

అంతటి చెవుడులోనే తొమ్మిదో సింఫనీ రచించారు. 1824 మే 7న వియన్నాలో అది మొదటిసారి ప్రదర్శించినప్పుడు జనం చప్పట్లు ఆయనకు వినిపించలేదు. ఒక గాయని ఆయనను సభ వైపు తిప్పి చూపించింది. 1827 మార్చి 26న 56 ఏళ్ల వయసులో పరమపదించారు. 2023లో ఆయన వెంట్రుకల జన్యువులను పరీక్షించినా చెవుడుకు కారణం తేలలేదు.

మిత్రులారా! చాలామందిలో లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతిన్నప్పుడు ఈ హోరు వస్తుంది. బయటి శబ్దం తగ్గిన లోటును మెదడు తానే పూరించుకోబోతే, లేని శబ్దం ఉన్నట్టు తోస్తుంది. నిశ్శబ్దంలో అది మరీ ఎక్కువ. అందుకే వినికిడి తగ్గినవారికి డాక్టర్లు వినికిడి యంత్రం ఇస్తారు. బయటి శబ్దాలు వినపడితే హోరు వెనక్కి తగ్గినట్లవుతుంది. వాన చప్పుడు వంటి మెల్లని ధ్వనిని వినిపించే యంత్రాలూ ఉన్నాయి. ఇవి జబ్బును మాయం చేయవు గానీ బతుకును తేలిక చేస్తాయి. అదే చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌లో పాటలు పెద్ద సౌండుతో గంటల తరబడి వింటే మాత్రం ఉన్న వినికిడి పోతుంది.

బీథోవెన్‌లా బాధను దాచుకోకండి. చెవిలో మోత ఉంటే వార్డెన్ గారికి చెప్పి చెవి డాక్టరుకు చూపించుకోండి. వెనుక బెంచీలో పిలిచినా పలకని మిత్రుణ్ణి మొద్దు అని వెక్కిరించకండి. అతనికి వినపడుతోందో లేదో ముందు అడగండి!