తక్కువ, ఎక్కువ గుర్తులు - థామస్ హ్యారియట్

థామస్ హ్యారియట్ సుమారు 1560లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో సామాన్య కుటుంబంలో పుట్టారు. 1577లో విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు రిజిస్టరులో కూడా సామాన్యుని కొడుకనే రాసుకున్నారు. (అలాంటి గడులు మన హాస్టలు అప్లికేషన్లలోనూ ఉంటాయి కదా!) 1585లో ఓడలో అమెరికా తీరానికి వెళ్లారు. అక్కడి ఆదివాసుల భాష నేర్చుకున్నారు. 1609లో గెలీలియో కంటే ముందే దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశారు, కానీ అచ్చు వేయించలేదు. 1621లో ముక్కు క్యాన్సరుతో కన్నుమూశారు.

ఆయన బీజగణితాన్ని మిత్రులు 1631లో పుస్తకంగా తెచ్చారు. <, > గుర్తులు మొదట అచ్చయింది అందులోనే.

మిత్రులారా, భిన్నాలున్న అసమీకరణాల్లో మనకు మార్కులు పోయేది ఈ గుర్తుల దగ్గరే. 'మైనస్ ఎక్స్ బై 3 < 2' అనే లెక్క తీసుకోండి. హారం పోవడానికి రెండు వైపులా 3తో గుణిస్తే మైనస్ ఎక్స్ < 6. గుర్తు కదలదు. తరువాత -1తో గుణిస్తే గుర్తు తిరగబడి ఎక్స్ > -6 అవుతుంది. ఎందుకంటారా? 200 కన్నా 300 ఎక్కువే, కానీ అప్పుల్లో 300 ఉన్నవాడే ఎక్కువ బీద. అందుకే -200 > -300. జవాబు సరిచూడండి: ఎక్స్ విలువ 0 అయితే 0 < 2, సరిపోయింది. -9 అయితే 3 < 2 వస్తుంది, అది తప్పు.