గ్రీకు రాని కవి, గ్రీకు కథల కవి: జాన్ కీట్స్

ఇంగ్లిషు పీరియడ్ అంటే మన హాస్టళ్లలో చాలామందికి గుండెల్లో రాయి పడినట్లే ఉంటుంది. టెన్సులు, వాయిస్, డైరెక్ట్–ఇండైరెక్ట్ స్పీచ్ ఎలాగో బట్టీపట్టి గట్టెక్కుతాము. ఆ తరువాత పద్యపాఠం వస్తుంది. అందులో అపోలో, సైకీ, హైపీరియన్ వంటి గ్రీకు పేర్లు ఎదురవుతాయి. ఇవి పుస్తకాలున్న ఇళ్లలో పుట్టినవారి కోసం రాసినవి, మనకెందుకులే అనిపిస్తుంది. అలా అనుకునే తమ్ముళ్ల కోసమే మేము జాన్ కీట్స్ జీవితం రాస్తున్నాము. ఆ పేర్లను ఇంగ్లిషు కవిత్వంలో అంత అందంగా నిలిపిన కీట్స్‌కు గ్రీకు భాష రాదు.

కీట్స్ 1795 అక్టోబరు 31న లండన్‌లో జన్మించాడు. తండ్రి థామస్ గుర్రాలను అద్దెకిచ్చే శాలలో పనిచేసేవాడు. ఆ శాల తల్లి ఫ్రాన్సెస్ పుట్టింటివారిది. తిండికి లోటున్న ఇల్లు కాదు గానీ, పెద్ద చదువుల ఇల్లు కూడా కాదు. 1804లో తండ్రి గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. 1810లో తల్లి క్షయవ్యాధితో కన్నుమూసింది. నలుగురు పిల్లలు తల్లీతండ్రీ లేనివారయ్యారు. పెద్దవాడైన కీట్స్‌కు అప్పటికి 14 ఏళ్లు.

అతడు ఎన్‌ఫీల్డ్‌లో జాన్ క్లార్క్ నడిపిన బడిలో, అక్కడే ఉండి చదివాడు. ఒక రకంగా అదీ హాస్టల్ చదువే. మొదట్లో చదువుకన్నా కొట్లాటలకే అతనికి పేరు. చివరి ఏళ్లలో మాత్రం అన్నం తింటూ కూడా పుస్తకం వదిలేవాడు కాదు. లాటిన్ వ్యాకరణం నేర్చుకుని అంతటితో ఆగలేదు. వర్జిల్ రాసిన ఈనీడ్‌ను తనంతట తానే ఇంగ్లిషు వచనంలోకి మార్చడం మొదలుపెట్టాడు. సూత్రం పనిలో పెడితేనే ఒంటబడుతుందని మాకు దీనివల్ల అర్థమైంది. ఇక గ్రీకు దేవతల కథలు అతనికి ఎక్కువగా లెంప్రియర్ నిఘంటువు నుంచి వచ్చాయి. 1788లో వెలువడిన ఆ పుస్తకంలో పేర్లు, కథలు అక్షరక్రమంలో ఉంటాయి. దానిని దాదాపు కంఠస్థం చేసినంతగా చదివాడు.

తల్లి పోయాక అతనిని బడి మాన్పించి, ఎడ్మంటన్‌లో థామస్ హామండ్ అనే వైద్యుడి దగ్గర పనికి పెట్టారు. 1815లో లండన్ గైస్ హాస్పిటల్‌లో చేరి, 1816 జూలైలో వైద్యం చేయడానికి కావలసిన పరీక్ష పాసయ్యాడు.

అదే ఏడాది అక్టోబరులో ఒక రాత్రి, బడిలో తనకు చదువు చెప్పిన చార్లెస్ కౌడెన్ క్లార్క్‌తో కలిసి హోమర్ కావ్యాలను చదివాడు. అది జార్జ్ చాప్‌మన్ చేసిన ఇంగ్లిషు అనువాదం, 1616 నాటిది. తెల్లవారేదాకా చదివి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఉదయం పది గంటలకల్లా 14 పాదాల కొత్త పద్యం క్లార్క్ బల్లమీద ఉంది. కొత్త గ్రహాన్ని చూసినవాడి ఆనందం, పసిఫిక్ సముద్రాన్ని తొలిసారి చూసిన యాత్రికుడి విస్మయం అందులో ఉన్నాయి. ఆ సముద్రాన్ని చూసిన బల్బోవాకు బదులు కోర్టెజ్ పేరు పడింది. అయినా ఆ పద్యం రెండు వందల ఏళ్లు దాటినా నిలిచే ఉంది.

లైసెన్సు చేతిలో ఉన్నా కీట్స్ కవిత్వాన్నే ఎంచుకున్నాడు. 1818లో గ్రీకు కథతో ఎండిమియన్ కావ్యం అచ్చయింది. బ్లాక్‌వుడ్స్ పత్రికలో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన లాక్‌హార్ట్ తన పేరు పెట్టకుండా దానిని ఎగతాళి చేశాడు. హోమర్‌ను చాప్‌మన్ ద్వారా తప్ప ఎరుగడని ఎత్తిపొడిచాడు. కవిత్వం మాని మందుల కొట్టుకు తిరిగి పొమ్మన్నాడు. నీ స్థాయి ఇది, నీకు ఇవన్నీ ఎందుకు అనే మాట ఎక్కడైనా ఒకటే.

కీట్స్ జవాబు రాయలేదు, కవిత్వం రాశాడు. 1818 డిసెంబరులో తమ్ముడు టామ్‌ను క్షయ తీసుకుపోయింది. ఆ దుఃఖంలోనే 1819లో సైకీ, నైటింగేల్, గ్రీకు పాత్ర మీద ఓడ్‌లు వచ్చాయి. అప్పటికి అతనికి 23 ఏళ్లు, మా పీజీ తరగతిలో కూర్చునేవారి వయసే. పాత దేవతలు కూలి కొత్త దేవతలు రావడం ఇతివృత్తంగా హైపీరియన్ మొదలుపెట్టాడు గానీ పూర్తిచేయలేకపోయాడు.

1820 ఫిబ్రవరిలో దగ్గితే రక్తం పడింది. వైద్యం చదివినవాడు కనుక అది చావుకు పిలుపని అతనికి వెంటనే తెలిసిపోయింది. గాలి మార్పు కోసం స్నేహితుడు సెవెర్న్ తోడుగా రోమ్ వెళ్లాడు. 1821 ఫిబ్రవరి 23న, 25 ఏళ్ల వయసులో అక్కడే మరణించాడు. విమర్శలే చంపాయని కొందరు రాశారు గానీ, చంపింది క్షయ. అతని కోరిక ప్రకారం సమాధి రాయి మీద పేరు చెక్కలేదు. బతికుండగా వచ్చిన మూడు పుస్తకాలూ పెద్దగా అమ్ముడుపోలేదు.

తమ్ముళ్లారా, కీట్స్ హోమర్ దగ్గరికి మూలభాష తలుపు గుండా వెళ్లలేదు. ఒక నిఘంటువు, ఒక అనువాదం, చదివి చెప్పే ఒక పెద్ద దిక్కు అతనికి దారి చూపాయి. మన హాస్టల్ అలమారాలో చిరిగిన డిక్షనరీ ఉన్నా చాలు, దానిని తెరవండి. అర్థం కాని పేరు కనిపిస్తే దాటిపోకుండా వెతకండి. తెలుగు అనువాదం దొరికితే మొదట అదే చదవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మీకు తోడుగా కూర్చుని చదవడానికి మేమున్నాము.