గోజూఫ్ పట్టణపు పందెగాడు ఎడ్వర్డు యాంత్సష్

పోలండు దేశపు పడమటి ప్రాంతమున, వార్తా నది యొడ్డున, గోజూఫ్ వియెల్కోపోల్స్కి యను పట్టణము కలదు. 13వ శతాబ్దమున స్థాపింపబడిన పట్టణమే యైనను 1945వ సంవత్సరము వరకు దానికి ఈ పేరు లేదు. అది జర్మను దేశములోనిదై లాండ్స్‌బెర్గ్ అని పిలువబడుచుండెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియవచ్చిన దినములలో సోవియట్టు సేనలు దానిని పట్టుకొనెను. పట్టణపు నడిబొడ్డు కాలి బూడిదయ్యెను. గెలిచిన రాజ్యములు సరిహద్దులను మరల గీసినప్పుడు ఆ పట్టణము పోలండు పాలయ్యెను. జర్మను కుటుంబములు వెడలగొట్టబడినవి. తూర్పున సోవియట్టు రాజ్యమునకు పోయిన సీమలనుండియు, ఇతర ప్రాంతములనుండియు పోలండువారు మూటలు కట్టుకొని వచ్చి, ఇతరులు విడిచిపోయిన యిండ్లలో కాపురములు పెట్టిరి. ఒకరి యాస యొకరికి క్రొత్త. అచ్చటి శ్మశానములందు వారి తాతముత్తాతల గోరీలు లేవు. వీథులకు సైతము క్రొత్త పేర్లు పెట్టవలసివచ్చెను.

ఇట్టి యూర 1946 జూలై 20వ తేదీన ఎడ్వర్డు యాంత్సష్ జన్మించెను. ఆ పట్టణమున పుట్టి, అదియే తన సొంతయూరు అని చెప్పుకొనగలిగిన మొదటి తరము పోలిష్ బిడ్డలలో ఆతడొకడు. ఆతని జీవితమును గూర్చి చెప్పునపుడు ఈ సంగతి మరువరాదని నా యభిప్రాయము. ప్రపంచ విజేతలు పెక్కుమంది కలరు. ఒక పట్టణమునకు జ్ఞాపకమనునది లేనప్పుడు ఆ జ్ఞాపకము తానే యైనవారు అరుదు.

ఆతడు ప్రసిద్ధి కెక్కిన క్రీడ పేరు స్పీడ్వే. మన ప్రాంతములందు దీనిని చూచినవారు తక్కువ గనుక కొంత వివరింపవలసియున్నది. కోడిగ్రుడ్డు ఆకారముగల బాటపై మోటారుసైకిళ్లతో పరుగెత్తు పందెమిది. ఒక్కొక్క పరుగున నలుగురు పాల్గొందురు. బాటను ఎడమచేతివైపుగా నాలుగు మారులు చుట్టవలెను. అంతయు సుమారు ఒక నిమిషములో ముగియును. బండికి 500 ఘనపు సెంటీమీటర్ల యింజను ఒకటి, గేరు ఒకటి, ఇంధనము మిథనాల్. బ్రేకు మాత్రము లేదు! ఇది పొరపాటు గాదు. ఒకడు తటాలున వేగము తగ్గించినచో వెనుక వచ్చువాడు వానిపై బడును గనుక బ్రేకు లేకుండుటయే క్షేమమని ఈ క్రీడాకారులు నిర్ణయించుకొనిరి.

బ్రేకు లేని బండి మలుపు తిరుగు విధమే ఈ క్రీడలోని విద్య. మలుపు వచ్చినపుడు పందెగాడు వెనుకచక్రమును బాటపై ప్రక్కకు జార్చును. బండి ఎడమకు పోవుచుండగా ముందుచక్రము కుడివైపునకు తిరిగియుండును. ఎడమకాలి జోడునకు ఉక్కు తొడుగు బిగించి, ఆ కాలిని నేలపై నానించి, బండి కూలిపోకుండ కాచుకొనును. వెనుకచక్రమునుండి ఎగసిన రజను వెనుకవాని ముఖమున గొట్టును. పూర్వము ఈ బాటలను కొలుముల బొగ్గు చిట్టెముతో పరచుచుండిరి. అందుచేతనే పోలిష్ భాషలో ఈ క్రీడకు పేరు జుజెల్, అనగా చిట్టెము. గెలిచినవానికి 3 పాయింట్లు, రెండవవానికి 2, మూడవవానికి 1, కడపటివానికి సున్న. యాంత్సష్ నాటి ప్రపంచ పోటీయందు 16 మంది ఒక్క సాయంకాలము 20 పరుగులు పరుగెత్తుచుండిరి. ఒక్కొక్కనికి అయిదు పరుగులు. ప్రతివాడును ప్రతివానిని ఒకమారు ఎదుర్కొనును. కావున పూర్ణవిజయము 15 పాయింట్లు.

యుద్ధానంతరము పోలండు ప్రజలకు ఈ క్రీడపై గలిగిన మోజు చెప్పనలవి గాదు. లెష్నో పట్టణపు ఆల్ఫ్రెడ్ స్మోచిక్ 1949లో దేశవిజేతయై, 1950 సెప్టెంబరులో, ఇరువదిరెండవ యేడు నిండకుండగనే, మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. నేటికిని లెష్నోలోని క్రీడారంగము ఆతని పేరనే యున్నది. గోజూఫున 1947లో స్థాపింపబడిన సంఘము పేరు స్టాల్. స్టాల్ అనగా ఉక్కు. లోహపరిశ్రమ కార్మికుల క్రీడాసంఘములకు ఆ దేశమున ఆ పేరు వాడుక. యాంత్సష్ 1965లో ఆ సంఘపు పక్షమున పందెములకు దిగెను. స్వదేశములో ఆతడు తుదివరకు మరియొక సంఘమునకు పరుగెత్తలేదు.

మూడేండ్లు గడచెను. 1968 సెప్టెంబరున స్వీడను దేశమందలి గోటెబోర్గ్ నగరమున, ఉల్లేవి క్రీడారంగమున, ప్రపంచ పోటీ జరిగెను. యాంత్సష్‌నకు 22 ఏండ్లు. ప్రపంచ పోటీయందు నిలుచుట అదే మొదలు. ఎదుట నున్నవారెవరు? న్యూజీలండు దేశస్థుడు బ్యారీ బ్రిగ్స్ అప్పటికే నాలుగు మారులు ప్రపంచ విజేత. ఆ దేశస్థుడే యైన ఐవన్ మేజర్ అదే రాత్రి అయిదు పరుగులును గెలిచి 15 పాయింట్లతో తన మొదటి ప్రపంచ విజయమును సాధించెను. తరువాత మరి అయిదు సాధించెను. బ్రిగ్స్‌నకు 12 వచ్చినవి. గోజూఫ్ కుర్రవానికిని, సోవియట్టు పందెగాడు గెన్నాడీ కురిలెంకోకును సమముగా 11 వచ్చినవి. మూడవ స్థానమెవరిదో తేల్చుటకు ఆ యిద్దరిచే మరల పరుగెత్తించిరి. నాలుగు చుట్లు, ఒక నిమిషము. యాంత్సష్ గెలిచెను.

రెండేండ్లకు పూర్వము ఆ రంగమందే పోలండువాడైన ఆంటోని వొరినా మూడవ స్థానము పొందియుండెను. కావున యాంత్సష్ సాధించినది దేశమునకు క్రొత్త గాదు. గోజూఫ్ పట్టణమునకు క్రొత్త. ఆ పట్టణపు పేరు అంతవరకు పోలండు పటములయందే పాతబడలేదు. ఇప్పుడు పరదేశపు వార్తాపత్రికలలో అచ్చుపడెను.

మరుసటి యేడు, అనగా 1969, రెండు విధముల శుభవత్సరము. రిబ్నిక్ పట్టణమున జరిగిన ప్రపంచ జట్టుల పోటీయందు పోలండు గెలిచెను. ఆ జట్టులో యాంత్సష్ ఒకడు. పోలండు ఈ బహుమానమును అంతకుముందు 1961, 1965, 1966 సంవత్సరములందు గెలిచియుండెను. ఆ పిమ్మట 1996 వరకు మరల గెలువలేదు. ఆ యేడే స్టాల్ సంఘము మొదటిమారు పోలిష్ లీగు విజేత యయ్యెను. తరువాత 1973లోను, 1975 మొదలు 1978 వరకు వరుసగా నాలుగేండ్లును ఆ గౌరవము గోజూఫునకే దక్కెను. ఆదివారము మధ్యాహ్నమున నది కావలి యొడ్డునున్న క్రీడారంగమునకు పట్టణమంతయు వంతెన దాటి పోవుచుండెను. యాస వేరైనవారు, సీమ వేరైనవారు ఒక్క పేరును కలిసి పిలుచుట అచ్చట నేర్చుకొనిరని చెప్పిన తప్పుగాదు.

ఇచ్చట చిన్న ముచ్చట యొకటి. ఆ కాలమున తూర్పు యూరోపు పందెగాండ్రలో హెచ్చుమంది ఎక్కినవి చెకొస్లొవేకియాలో తయారైన జావా బండ్లు. అదే జావా పేరుతో 1960ల దశకమున మన మైసూరు నగరమందును మోటారుసైకిళ్లు తయారై దక్షిణాది రోడ్లపై తిరిగినవి. మన విద్యార్థుల తాతలలో వాని నెక్కినవారు ఉండవచ్చును. అయితే మైసూరు బండికి బ్రేకు ఉండెను!

యాంత్సష్ 1975లో పోలండు దేశవిజేత యయ్యెను. ఆ యేడే వ్రొత్స్వాఫ్ నగరమున జరిగిన ప్రపంచ జంటల పోటీలో ప్యోత్ర్ బ్రుజ్దాతో కలిసి రెండవ స్థానము పొందెను. 1980లో, నాటి యుగోస్లావియాలోని క్రుష్కో పట్టణమున, జెనోన్ ప్లెహ్‌తో కలిసి మరల రెండవవాడయ్యెను. 1976, 1977 సంవత్సరముల ప్రపంచ జట్టుల పోటీలలో రెండవ స్థానము పొందిన పోలిష్ జట్టులందును ఆతడు గలడు. రెండవ స్థానములు, మూడవ స్థానములు ఇన్ని! ప్రపంచ విజేత యను బిరుదు మాత్రము ఆతనికి దక్కలేదు. 1968 నాటి మూడవ స్థానమును మించినది ఆతని యొంటరి పోరాటములందు మరి లేదు.

ఆతని సమకాలికుడు యెజి ష్చాకెల్ కథతో దీనిని పోల్చి చూడదగును. ష్చాకెల్ 1971 ప్రపంచ పోటీలో అయిదు పరుగులకును కలిపి ఒక్క పాయింటైనను పొందలేదు. రెండేండ్లకు, 1973లో, హొజూఫ్ నగరమున, లక్షకు తక్కువగాని జనసమూహము నెదుట, ఐవన్ మేజరుతో సమముగా నిలిచెను. విజేతను తేల్చుటకై పెట్టిన పరుగులో మేజర్ క్రిందబడెను. ష్చాకెల్ పోలండు దేశపు మొట్టమొదటి ప్రపంచ విజేత యయ్యెను. కాని కొలది యేండ్లకే ఆతడు క్రీడనుండి తొలగిపోయెను. ఒకనికి ఒక్క రాత్రి మహావైభవము. మరియొకనికి ఇరువది యేండ్ల కొలువు. వీరిలో గొప్పవాడెవడని పోలండులో వాదులాడుకొనువారు కలరు. పట్టికలు చూచువారు ష్చాకెల్ అందురు. నాకు యాంత్సష్‌పై మనసు మొగ్గును. బ్రేకులేని బండిపై ఇరువది యేండ్లు ప్రతి ఆదివారము ఒక్క పట్టణము కొరకే ఎక్కి దిగుట తేలిక గాదు.

1977లో ఆతడు ఇంగ్లండునకు పోయి, లండను నగరమందలి వింబుల్డన్ జట్టులో చేరి, కొన్ని యేండ్లు అచ్చట పరుగెత్తెను. ఈ సంగతి నేడు సామాన్యముగ దోచును. కాని నాటి పోలండు కమ్యూనిస్టు ప్రభుత్వపు టేలుబడిలో నుండెను. పరదేశమునకు పోవుటకు ప్రభుత్వము అనుమతి యీయవలెను. అనుమతి పొందినవాడు తిరిగివచ్చునో రాడో యను శంక ఎల్లప్పుడు నుండెను. ఇంగ్లండులో పందెములు వారము నడుమ సాయంకాలములందును, పోలండులో ఆదివారములందును జరుగుట వాడుక. కావున రెండు చోట్ల పరుగెత్తువానికి విశ్రాంతి సముద్రము దాటు ప్రయాణములందే. వింబుల్డన్ ప్రేక్షకులు ఆతని నాదరించిరి. ఆతడు అచ్చటనే నిలిచిపోలేదు. స్టాల్ జట్టులో ఆతని స్థానము ఆతనిదిగనే యుండెను.

1983లో యాంత్సష్‌నకు 37 ఏండ్లు నిండినవి. జట్టులోని చిన్నవారు కొందరు ఆతడు మొదటి పందెము పరుగెత్తిననాడు తొట్టెలలోని బిడ్డలు. ఆ యేడు ఆతడు రెండవమారు పోలండు దేశవిజేత యయ్యెను. స్టాల్ సంఘమును లీగులో గెలిచెను. సంఘమునకు ఆతని కాలమున అది ఏడవ విజయము. తరువాతి యేండ్లలో ఆతడు పందెములు మానుకొనెను. గోజూఫ్ సంఘము మరల లీగు గెలుచుటకు 2014వ సంవత్సరము రావలసివచ్చెను.

ఇక చెప్పవలసినది దుఃఖకరమైనది. ఇరువది యేండ్లు బ్రేకులేని బండిపై బ్రతికి బయటపడినవాడు 1992 జనవరి 11వ తేదీన తన యింటిలో జరిగిన కలహమున కత్తిపోటు తగిలి మరణించెను. అప్పటికి ఆతనికి 45 ఏండ్లు. దాని వివరము లీ పుటలకు తగవు. ఆ సంగతి దాచిపెట్టుటయు తగదు. వేలకొలది జనుల కేకలకు అలవాటుపడినవానికి, ఆ కేకలు ఆగిన పిమ్మటి దినములు ఎట్లుండునో పట్టికలు చెప్పవు.

ఆ 1992లోనే ఆతని పేర స్మారక పందెము నొకదానిని నెలకొల్పిరి. నది కావలి యొడ్డునున్న క్రీడారంగము నేడు ఎడ్వర్డు యాంత్సష్ క్రీడారంగమని పిలువబడుచున్నది. పట్టణములో, మోటారుసైకిలుపై నున్న ఆతని విగ్రహమును నిలిపిరి. ఒకప్పుడు ఎవ్వరి పూర్వికులును లేని యా యూర, అచ్చటనే పుట్టి అచ్చటనే మరణించినవాని విగ్రహము ప్రక్కగా జనులు నిత్యము నడచి పోవుచున్నారు.

2010లో టోమష్ గొల్లోబ్ పోలండు దేశపు రెండవ ప్రపంచ విజేత యయ్యెను. అప్పుడాతడు గోజూఫ్ సంఘపు పక్షముననే పరుగెత్తుచుండెను. 2019లో బార్తోష్ జ్మర్జ్లిక్ అను మరియొకడు ప్రపంచ విజేత యయ్యెను. ఆతడు స్టాల్ సంఘముననే, యాంత్సష్ పేరుగల ఆ బాటపైనే ఎదిగినవాడు. యాంత్సష్ మరణించిన మూడేండ్లకు పుట్టినవాడు.